బోస్టన్ ఫార్వర్డ్‌లను కాలాలు దాటి పోల్చడం ఎలా

హన్మకొండలో నేను సాయంత్రం వేళ పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పే సిమెంటు కోర్టు పక్కన నాలుగు మెట్లున్నాయి. ఆట ముగిశాక పిల్లలు ఆ మెట్ల మీద కూర్చుని నీళ్లు తాగుతూ మొదలుపెట్టే వాదన చాలాసార్లు ఒక్కటే: అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని బోస్టన్ సెల్టిక్స్ జట్టు చరిత్రలో అందరికన్నా గొప్ప ఫార్వర్డ్ (ముందువరుస ఆటగాడు) ఎవరు? ఇంటర్ చదివే అబ్బాయిలు జేసన్ టేటమ్ పేరు చెబుతారు, ఎందుకంటే అతని ఆటను వాళ్లు పొద్దున్నే ఫోన్‌లో చూస్తూ పెరిగారు. నా ఈడువారు లారీ బర్డ్ పేరు తప్ప మరొకటి విననే వినరు. ఇద్దరి చేతుల్లోనూ అంకెలే ఉంటాయి. ఒకరు ‘సగటున 30 పాయింట్లు’ అంటే మరొకరు ‘మూడు టైటిళ్లు’ అంటారు, చివరికి గొంతు పెద్దదైన వాడి మాటే నిలుస్తుంది. ఇలాంటి వాదనను ఒక పద్ధతి ప్రకారం నడిపించవచ్చని, అలా నడిపితే ఆట కూడా బాగా అర్థమవుతుందని నా అనుభవం. ఆ పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. దీనికి ఒక గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, రెండు మూడు వారాల ఓపిక ఉంటే చాలు.

ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మకం చూసినవారికి ఈ పద్ధతిలోని అసలు సంగతి కొత్త కాదు. బస్తా ఎంత బరువు తూగినా, తేమ ఎంతుందో చూడకుండా ఖరీదుదారు ధర చెప్పడు. 8 శాతం తేమ ఉన్న పత్తికీ 12 శాతం ఉన్న పత్తికీ ఒకే ధర పలకదు, ఎందుకంటే రెండో బస్తాలో కొంత బరువు నీళ్లది. ఆటగాడి పాయింట్లలో కూడా కొంత బరువు అతనిది, కొంత అతను ఆడిన కాలానిది. ఆ కాలపు తేమను ముందుగా కొలిచి, తరువాతే బరువు చూడాలి. మిగిలిన మెట్లన్నీ ఈ ఒక్క పనికి సాయం చేసేవే.

ముందు ప్రశ్నను సరిచేసుకోవాలి

‘గొప్ప’ అనే మాటలో కనీసం మూడు ప్రశ్నలు దాగి ఉన్నాయి. తన ఉత్తమమైన ఒకటి రెండు సీజన్లలో ఎవరు ఎంత ఎత్తుకు చేరారు, జట్టుకు మొత్తం మీద ఎవరు ఎక్కువ సేవ చేశారు, జట్టును ఎవరు ఎక్కువగా గెలిపించారు అనేవి ఆ మూడు. వీటికి జవాబులు వేర్వేరుగా వస్తాయి. జాన్ హావ్లిచెక్ 1962 నుంచి 1978 వరకు 16 సీజన్లు బోస్టన్‌కే ఆడి, 1,270 ఆటల్లో 26,395 పాయింట్లు చేశాడు. జట్టు చరిత్రలో ఈ మొత్తమే అన్నిటికన్నా ఎక్కువ. పాల్ పియర్స్ 1998 నుంచి 2013 వరకు 15 సీజన్లలో బోస్టన్ తరఫున 24,021 పాయింట్లు చేశాడు. లారీ బర్డ్ 1979 నుంచి 1992 వరకు 13 సీజన్లు ఆడినా, గాయాల వల్ల 897 ఆటలకే పరిమితమై 21,791 పాయింట్ల దగ్గర ఆగాడు. 1988-89 సీజన్‌లో అతను ఆడగలిగింది 6 ఆటలు మాత్రమే. ‘మొత్తం సేవ’ అన్నది మీ ప్రశ్న అయితే బర్డ్ మూడో స్థానానికి దిగుతాడు. ‘ఉత్తమ కాలం’ అన్నది ప్రశ్న అయితే 1984, 1985, 1986 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం అందుకున్నవాడు నేను పోల్చబోయే నలుగురిలో అతనొక్కడే. కాబట్టి నోటుపుస్తకం మొదటి పేజీలో మీ ప్రశ్నను ఒక పూర్తి వాక్యంగా రాసుకోండి. వాదన మధ్యలో ఎవరైనా ప్రశ్న మారిస్తే ఆ పేజీ తిప్పి చూపించండి.

అలాగే ఎవరిని పోల్చుతున్నామో కూడా ముందే తేల్చుకోవాలి. ఈ పోలికకు నేను హావ్లిచెక్, బర్డ్, పియర్స్, టేటమ్ అనే నలుగురిని తీసుకుంటాను, ఎందుకంటే నలుగురూ బంతి చేతిలో పెట్టుకుని, బయటి నుంచి ఆట నడపగల ఫార్వర్డ్‌లు. హావ్లిచెక్ గార్డుగా (వెనుకవరుస ఆటగాడిగా) కూడా చాలా ఆడాడన్న విషయాన్ని అతని పేరు పక్కన రాసుకోవాలి. బుట్ట దగ్గర నిలబడి ఆడే కెవిన్ మెక్‌హేల్‌ను, కెవిన్ గార్నెట్‌ను ఇదే వరుసలో పెడితే ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది. మెక్‌హేల్ 1986-87లో వేసిన షాట్లలో 60.4 శాతం, ఫ్రీ త్రోలలో (ఫౌల్ జరిగితే దొరికే అడ్డులేని షాట్లలో) 83.6 శాతం బుట్టలో వేశాడు, అదీ ఆ సీజన్ చివర పాదంలో ఎముక విరిగి ఉండగానే ఆడుతూ. అలాంటి మనిషికి వేరే పేజీ కేటాయించాలి తప్ప, బర్డ్‌కు అసిస్టులు (తోటివాడు స్కోరు చేసేలా అందించిన పాస్‌లు) ఎక్కువని చెప్పి అతన్ని కిందికి నెట్టకూడదు.

ఖాళీ గడి సున్నా కాదు

ఆటగాళ్ల పేర్లు అడ్డంగా, లెక్కలు నిలువుగా రాస్తూ పోతే హావ్లిచెక్ వరుసలో చాలా గడులు ఖాళీగా మిగులుతాయి. పిల్లలు ఇక్కడే పెద్ద తప్పు చేస్తారు. ఖాళీ ఉన్నచోట సున్నా రాస్తారు. ఎన్‌బీఏ స్టీల్స్ (ఎదుటివారి బంతిని లాక్కోవడం), బ్లాక్‌లను (షాట్‌ను చేత్తో ఆపడం) లెక్కించడం మొదలుపెట్టింది 1973-74 సీజన్ నుంచి మాత్రమే. మూడు పాయింట్ల గీత (దాని బయటి నుంచి బుట్టలో వేస్తే రెండుకు బదులు మూడు పాయింట్లు) వచ్చింది 1979-80లో, అంటే హావ్లిచెక్ ఆట మానుకున్న రెండో సీజన్ నుంచి. ఫైనల్స్‌లో (టైటిల్‌ను తేల్చే చివరి పోటీలో) ఉత్తమ ఆటగాడి పురస్కారం 1969లో, ఉత్తమ రక్షణ ఆటగాళ్ల జట్టును ఎంపిక చేయడం 1968-69లో, ఆరో ఆటగాడి పురస్కారం 1982-83లో మొదలయ్యాయి. బెంచి మీద నుంచి వచ్చి ఆటను మలుపు తిప్పే ఆరో ఆటగాడి పాత్రకు పేరు తెచ్చినవారిలో హావ్లిచెక్ ముందువరుసలో ఉంటాడు, కానీ ఆ పురస్కారం అతని పేరు పక్కన ఎప్పటికీ కనబడదు. అదే పాత్రలో మెక్‌హేల్ 1984లో, 1985లో ఆ పురస్కారాన్ని రెండుసార్లు అందుకున్నాడు.

దీనికి నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది, పిల్లలకు తప్పకుండా చెబుతాను. 1965 ఏప్రిల్ 15న ఫిలడెల్ఫియాతో తూర్పు విభాగం ఫైనల్ ఏడో ఆట, అంటే ఒకే ప్రత్యర్థితో ఆడే ఏడు ఆటల సిరీస్‌లో విజేతను తేల్చే చివరి ఆట. బోస్టన్ 110, ఫిలడెల్ఫియా 109, మిగిలినవి 5 సెకన్లు, బంతి ఫిలడెల్ఫియాది. గీత బయటి నుంచి హాల్ గ్రీర్ బంతిని లోపలికి వేయాలి. అలా వేయడానికి కూడా గడువు ఐదు సెకన్లే కాబట్టి హావ్లిచెక్ మనసులో సెకన్లు లెక్కపెట్టుకుంటూ, వేసే సమయం దాటిపోతున్నదని తెలిసి తల తిప్పి చూశాడు, చెట్ వాకర్ కోసం వేసిన బంతిని గాలిలోనే చేత్తో తట్టి సామ్ జోన్స్‌కు అందించాడు. జట్టు చరిత్రలో అందరికీ గుర్తున్న స్టీల్ అదే. అయినా ఆ సాయంత్రపు అధికారిక లెక్కల్లో స్టీల్ అనే గడే లేదు. 22 సంవత్సరాల తరువాత, 1987లో డెట్రాయిట్‌తో ఐదో ఆట చివరి క్షణాల్లో ఐజయా థామస్ లోపలికి వేసిన బంతిని బర్డ్ దాదాపు అదే విధంగా అందుకుని, గీత దాటకముందే డెనిస్ జాన్సన్‌కు అందించి 108-107తో గెలిపించాడు. అది మాత్రం లెక్కల్లోకి ఎక్కింది. రెండూ ఒకే రకమైన తెలివితో చేసిన పనులు. బర్డ్ చేసినదానికి గడి ఉంది, హావ్లిచెక్ చేసినదానికి లేదు, అంతే. అందుకే లెక్కించని చోట గీత గీయండి. లెక్కించినా ఏమీ రాని చోట మాత్రమే సున్నా రాయండి.

ఆ ఏటి సగటుతో భాగించాలి

ఇప్పుడు తేమ కొలిచే పని. ఆట వేగం అన్ని కాలాల్లో ఒకేలా లేదు. 1961-62లో ఒక్కో జట్టు ఒక్కో ఆటలో 100కు పైగా షాట్లు వేసేది. 2003-04 నాటికి అది దాదాపు 80కి దిగింది, ఆ సీజన్‌లో జట్ల సగటు స్కోరు 93.4 మాత్రమే. ఎక్కువ షాట్లు వేసే కాలంలో ఎక్కువ పాయింట్లు, ఎక్కువ రీబౌండ్లు (తప్పిన షాట్ తరువాత అందుకునే బంతులు) వస్తాయి. దీన్ని సరిచేయడానికి పెద్ద గణితం అవసరం లేదు. ఆటగాడి సగటు పాయింట్లను, అదే సీజన్‌లో లీగ్‌లోని జట్లు ఆటకు సగటున చేసిన పాయింట్లతో భాగించి వందతో హెచ్చించండి. వచ్చే శాతం, అతను ఆ కాలపు మామూలు జట్టు చేసే పనిలో ఎంత భాగం ఒక్కడే మోశాడో చెబుతుంది.

హావ్లిచెక్ 1970-71లో సగటున 28.9 పాయింట్లు చేశాడు, ఆ ఏటి జట్ల సగటు 112.4, భాగిస్తే 25.7 శాతం. బర్డ్ 1987-88లో 29.9, జట్ల సగటు 108.2; భాగిస్తే 27.6. పియర్స్ 2005-06లో 26.8, జట్ల సగటు 97.0, భాగిస్తే మళ్లీ 27.6. టేటమ్ 2022-23లో 30.1, జట్ల సగటు 114.7, భాగిస్తే 26.2.

ఈ నాలుగు అంకెలను మొదటిసారి పక్కపక్కన రాసుకున్న రోజు నేను చాలాసేపు ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాను. పైపై సగటులో నలుగురిలో అందరికన్నా వెనకబడిన పియర్స్, భాగహారం చేశాక బర్డ్ పక్కనే వచ్చి నిలబడ్డాడు. సెల్టిక్స్ చరిత్రలో ఒక సీజన్‌లో సగటున 30 దాటిన మొదటి ఆటగాడు టేటమ్. అది నిజమైన ఘనతే, కానీ అది అన్ని జట్లూ ధారాళంగా స్కోరు చేస్తున్న కాలంలో వచ్చిన 30. పియర్స్ మొదటి సగం జీవితం ఆడింది నెమ్మదైన, ఒకరినొకరు తోసుకునే కాలంలో. రక్షించేవాడు చేత్తో అడ్డగించడాన్ని లీగ్ గట్టిగా అరికట్టింది 2004-05 నుంచే. పియర్స్‌ను మనవాళ్లు తక్కువగా చూస్తున్నారన్నది ఈ లెక్క వల్ల నాకు కలిగిన గట్టి అభిప్రాయం, దాన్ని మార్చుకోవడానికి ఇంతవరకు కారణం కనబడలేదు.

తరువాత నిమిషాల లెక్క చూడాలి. పైన చెప్పిన సీజన్లలో హావ్లిచెక్ ఆటకు 45.4 నిమిషాలు ఆడాడు, బర్డ్, పియర్స్ ఇద్దరూ 39.0, టేటమ్ 36.9. ఆట మొత్తం 48 నిమిషాలే అని గుర్తుంచుకోండి. ప్రతి 36 నిమిషాలకు ఎన్ని పాయింట్లో లెక్కవేస్తే టేటమ్ 29.4తో ముందుకు వస్తాడు, బర్డ్ 27.6, పియర్స్ 24.7, హావ్లిచెక్ 22.9తో ఇక్కడా చివరే ఉంటాడు. పై ముగ్గురి వరుస మారిపోయింది. ఏది సరైనది? రెండూ సరైనవే, కానీ రెండు వేర్వేరు సంగతులు చెబుతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 45 నిమిషాలు ఆడటాన్ని లోపంగా భావించి సరిచేయకూడదు. హావ్లిచెక్ గొప్పతనమే అలసట లేకుండా పరుగెత్తడంలో ఉంది. ఎదుటి ఆటగాడు నాలుగో క్వార్టర్‌లో మోకాళ్ల మీద చేతులు పెట్టుకునే వేళ ఇతను ఇంకా పరుగులోనే ఉండేవాడు. 36 నిమిషాల లెక్క ఆ గుణాన్ని పూర్తిగా చెరిపేస్తుంది. కాబట్టి ఆ శాతాన్నీ ఈ లెక్కనూ రెండు వేర్వేరు గడుల్లో రాయండి, కలిపి ఒక్క అంకెగా మార్చకండి.

రీబౌండ్లకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. షాట్లు ఎక్కువగా తప్పే కాలంలో రీబౌండ్లు ఎక్కువగా దొరుకుతాయి. అయితే ఈ నలుగురి విషయంలో ఆ గడి తీర్పును మార్చదు, బర్డ్ జీవితకాల సగటు 10.0 అందరికన్నా పైనే ఉంటుంది.

గీత చెరిపి చూడండి

మూడు పాయింట్ల గీత విషయం అంకెలతో చెబితే పిల్లలకు ఎక్కలేదు. అందుకని ఒక ఆదివారం ఉదయం మా కోర్టు మీద సుద్దతో గీసిన ఆ గీతను తడిగుడ్డతో తుడిపించి, ఎక్కడి నుంచి వేసినా రెండే పాయింట్లని చెప్పి పది నిమిషాలు ఆడించాను. మొదటి రెండు నిమిషాలు అలవాటు కొద్దీ దూరం నుంచి వేశారు. ఆ తరువాత ఎవరూ చెప్పకుండానే అందరూ బుట్ట వైపు జరగడం మొదలుపెట్టారు. ఆ పదిమందీ బోర్డు కింద ఒకరి భుజం ఒకరికి తగిలేంత దగ్గరగా చేరారు, లోపల నడవడానికి కూడా చోటు లేకుండా పోయింది. మాకున్న అబ్బాయిల్లో దూరం నుంచి బాగా వేసేవాడు కూడా బంతి పట్టుకుని లోపలికి తోసుకుపోయి రెండుసార్లు పడ్డాడు. లేచి మోచేయి తుడుచుకుంటూ ‘సార్, ఇట్ల ఎట్ల ఆడిండ్రు అప్పట్ల?’ అని అడిగాడు. హావ్లిచెక్ 16 సీజన్లూ ఆడింది అలాంటి కోర్టు మీదనే. ఆ ప్రశ్న అడిగాక ఆ అబ్బాయి హావ్లిచెక్ పాయింట్లను తక్కువ చేసి మాట్లాడటం మానేశాడు.

బర్డ్ పరిస్థితి మధ్యరకం. గీత వచ్చిందీ అతను లీగ్‌లోకి వచ్చిందీ ఒకే సీజన్‌లో. అతని మొదటి ఆటలోనే అతని జట్టు సభ్యుడు క్రిస్ ఫోర్డ్ లీగ్ చరిత్రలో మొదటి మూడు పాయింట్ల షాట్ వేశాడు. కానీ అప్పటి శిక్షకులు ఆ షాట్‌ను అత్యవసరంలో వాడేదిగానే చూశారు. బర్డ్ 13 సీజన్లలో అలా బుట్టలో వేసినవి మొత్తం 649. టేటమ్ ఒక్క 2022-23లోనే 200కు పైగా వేశాడు. దీన్ని బట్టి టేటమ్ బర్డ్ కన్నా మంచి షూటర్ అని తేల్చేవారున్నారు. అది సరికాదు. బర్డ్ మొదటి సీజన్‌లోనే 143 ప్రయత్నాల్లో 58 వేశాడు, అంటే 40.6 శాతం. అవకాశం తక్కువే కానీ చేయి గొప్పది. ఇక్కడ ప్రయత్నాల సంఖ్యను కాలానికి, విజయ శాతాన్ని మనిషికి కట్టి చూడాలి. అలాగని ‘బర్డ్ ఇప్పుడు ఆడి ఉంటే సీజన్‌కు 300 వేసేవాడు’ అని ఊహతో గడి నింపకండి. ఊహకు నోటుపుస్తకంలో చోటు ఇస్తే, ఎవరి ఊహ వాళ్లకు ముద్దు.

దీన్ని ఇంకా దగ్గరగా చూడాలంటే రెండు రాత్రులను పక్కపక్కన పెట్టండి. 1985 మార్చి 12న అట్లాంటా మీద బర్డ్ 60 పాయింట్లు చేశాడు. 2021 ఏప్రిల్ 30న శాన్ ఆంటోనియో మీద టేటమ్ సరిగ్గా 60 చేసి ఆ జట్టు రికార్డును సమం చేశాడు. బర్డ్ 36 షాట్లు వేసి 22 బుట్టలో పడేశాడు. టేటమ్ 37 వేసి 20. ఇద్దరికీ ఫ్రీ త్రోల ద్వారా వచ్చినవి సరిగ్గా 15 పాయింట్లే. మరి తేడా ఎక్కడుంది? బర్డ్ వేసిన 22లో మూడు పాయింట్ల షాట్ ఒక్కటే, టేటమ్ వేసిన 20లో అవి ఐదు. అంటే బర్డ్ రెండు షాట్లు ఎక్కువగా బుట్టలో వేసి సంపాదించిన నాలుగు పాయింట్లను టేటమ్ గీత బయటి నుంచి వేసిన నాలుగు అదనపు షాట్లతో పూడ్చుకున్నాడు. బర్డ్ 60 మామూలు సమయంలో వచ్చాయి, టేటమ్ ఆట అదనపు సమయానికి వెళ్లింది. అయితే ఆ రాత్రి బోస్టన్ ఒక దశలో 32 పాయింట్లు వెనకబడి, అక్కడి నుంచి లేచి గెలిచింది. నేను నేర్పే పిల్లలకు ఈ రెండు లెక్కల పత్రాలను కాగితం మీద రాయించి, కూడి చూడమంటాను. 36 సంవత్సరాల ఎడంలో ఒకే మొత్తం ఎలా రెండు దారుల్లో వచ్చిందో చేత్తో కూడినప్పుడే తెలుస్తుంది.

టైటిళ్లను ఎలా తూచాలి

టైటిళ్ల గడిలో హావ్లిచెక్‌కు 8, బర్డ్‌కు 3, పియర్స్‌కు 1, టేటమ్‌కు 1 అని రాస్తాం. ఆ 1 దగ్గర వాదించేవాళ్లు ఆగిపోతారు, వాదన అయిపోయిందనుకుంటారు. ఇక్కడే అసలు మొదలుపెట్టాలి. 1963లో లీగ్‌లో 9 జట్లే ఉన్నాయి, బోస్టన్ రెండు సిరీస్‌లు గెలిస్తే టైటిల్ చేతికొచ్చింది. 2024లో 30 జట్లున్నాయి, నాలుగు సిరీస్‌లు గెలవాలి. టేటమ్ జట్టు 16 గెలిచి 3 మాత్రమే ఓడింది. ఇంతవరకే చూస్తే ఈ కాలపు టైటిల్ బరువైనదనిపిస్తుంది. రెండో వైపు కూడా చూడాలి. 9 జట్లంటే, జట్టుకు పన్నెండుమంది చొప్పున లీగ్ మొత్తం నూరుమందికి కొంచెం పైన. బలహీనమైన జట్టు ఎదురయ్యే రాత్రులే తక్కువ. కాబట్టి నేను జట్ల సంఖ్యతో గుణించడం, భాగించడం చేయను. దాని బదులు ఒక ప్రశ్న అడుగుతాను: ఆ ఆటగాడు రాకముందు, వచ్చాక జట్టు ఎలా ఉంది, తోడు మారినప్పుడు ఏమైంది?

ఈ ప్రశ్నకు హావ్లిచెక్ విషయంలో మంచి జవాబుంది. అతని మొదటి ఆరు టైటిళ్లు జట్టు సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు) బిల్ రసెల్ పక్కన ఆడి గెలిచినవి. రసెల్ 1969లో మానుకున్నాడు. ఆ తరువాత 1974లో, 1976లో హావ్లిచెక్ మరో రెండు గెలిచాడు, 1974లో ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు కూడా అతనే. నా లెక్కలో ఆ చివరి రెండు, ముందటి ఆరింటికన్నా బరువైనవి. బర్డ్ విషయం ఇంకా స్పష్టం: అతను రాకముందు 1978-79లో జట్టు 29 ఆటలే గెలిచింది, అతను వచ్చిన మొదటి సీజన్‌లోనే 61 గెలిచింది. సెంటర్ రాబర్ట్ పారిష్, మెక్‌హేల్ ఆ తరువాతి ఏడాది వచ్చారు కాబట్టి ఆ పెరుగుదలలో పెద్ద వాటా బర్డ్‌దే. పియర్స్ విషయంలో మాత్రం తోడు ఎంత ముఖ్యమో కనబడుతుంది. 2006-07లో అతను గాయపడి 47 ఆటలే ఆడాడు, జట్టు వరుసగా 18 ఓడి, మొత్తం 24 గెలుపులతో ముగించింది. మరుసటి ఏడాది గార్నెట్, రే అలెన్ వచ్చాక అదే జట్టు 66 గెలిచి టైటిల్ సాధించింది, ఫైనల్స్ ఉత్తమ ఆటగాడిగా పియర్స్ నిలిచాడు. ఒక్క టైటిల్ అని అతన్ని కిందికి తోసేవారు, అంతకుముందు దాదాపు పదేళ్లు అతని పక్కన ఎవరున్నారో ఒకసారి రాసి చూడాలి. టేటమ్‌కు మొదటినుంచీ జేలెన్ బ్రౌన్ తోడున్నాడు, 2024 ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి పురస్కారం బ్రౌన్‌కే వచ్చింది. దాన్ని టేటమ్ లోపంగా కాకుండా జట్టు బలంగా చదవాలి.

కళ్లతో చూడటం

అంకెల పేజీలు నిండాక ఆటలు చూడండి, ముందు మాత్రం కాదు. ముందే చూస్తే ఇష్టమైనవాడికి అనుకూలంగా అంకెలు ఏరుకుంటాం. ఒక్కొక్కరికి ఒక్క ఆట చాలు, కానీ అన్నీ ఒకే రకమైన ఒత్తిడిలో ఆడినవై ఉండాలి. నేను ఏడో ఆటలను ఎంచుకుంటాను. 1988లో అట్లాంటాతో బర్డ్ 34 పాయింట్లు చేశాడు, అందులో 20 నాలుగో క్వార్టర్‌లోనే. అటువైపు డొమినిక్ విల్కిన్స్ 47 చేసినా బోస్టన్ 118-116తో గెలిచింది. 2008లో క్లీవ్‌లాండ్‌తో పియర్స్ 41 చేశాడు, లెబ్రాన్ జేమ్స్ 45 చేశాడు, 97-92తో బోస్టన్ గట్టెక్కింది. 2023లో ఫిలడెల్ఫియాతో టేటమ్ 51 చేసి 112-88తో గెలిపించాడు. హావ్లిచెక్‌కు 1976 ఫైనల్స్ ఐదో ఆట చూడండి. ఏడో ఆట కాకపోయినా మూడు అదనపు సమయాలు నడిచిన ఆట అది, 36 ఏళ్ల వయసులో, పాదం నొప్పితో ఆడుతూ, రెండో అదనపు సమయం చివర బోర్డుకు కొట్టి వేసిన షాట్ ఇప్పటికీ చూడదగ్గది.

చూసేటప్పుడు ఒక క్వార్టర్ అంతా బంతిని వదిలేసి ఆ ఒక్క మనిషినే చూడాలి. ఇది మొదట చాలా కష్టం, కళ్లు బంతి వెంట పోతాయి. బంతి తన దగ్గర లేనప్పుడు అతను ఎన్నిసార్లు చోటు మారాడు, తోటివాడికి అడ్డు నిలిచి దారి ఇచ్చాడా, రక్షణలో వెనక్కి పరుగెత్తాడా లేక నడిచాడా అని పెన్సిలుతో గీతలు పెట్టుకోండి. బర్డ్‌ను ఇలా చూస్తే, పరుగులో నెమ్మదైన మనిషి ఎప్పుడూ సరైన చోటే ఎలా ఉంటున్నాడో అర్థమవుతుంది. అతని అసిస్టుల సగటు 6.3 అని రాసుకున్నప్పుడు కలగని నమ్మకం, బంతి చేతికి రాకముందే ఎవరికి ఇవ్వాలో అతను నిర్ణయించుకున్న తీరు చూసినప్పుడు కలుగుతుంది. ప్రత్యక్ష ప్రసారం చూడాలంటే, బోస్టన్‌లో రాత్రి ఏడున్నరకు మొదలయ్యే ఆట మనకు చలికాలంలో ఉదయం ఆరింటికి, అక్కడ గడియారం గంట ముందుకు జరిపిన నెలల్లో ఐదింటికి మొదలవుతుంది. బడికి పోయే పిల్లలు మొదటి రెండు క్వార్టర్లు చూడవచ్చు.

ఆట ముగియనివాడితో పోలిక

చివరగా, ముగిసిన జీవితాన్ని ముగియని జీవితంతో పోల్చేటప్పుడు అందరినీ ఒకే వయసు దగ్గర ఆపాలి. టేటమ్‌కు 2025 మార్చిలో 27 నిండాయి, అదే ఏడాది మేలో న్యూయార్క్‌తో ప్లేఆఫ్స్ (సీజన్ తరువాతి టైటిల్ పోటీలు) ఆటలో అతని కుడి కాలి అకిలిస్ టెండన్ తెగింది. కాబట్టి 27 ఏళ్ల సీజన్ ముగిసేసరికి అనే గీత నేను గీస్తాను. అక్కడికి టేటమ్‌కు ఒక టైటిల్, వరుసగా నాలుగుసార్లు లీగ్ మొదటి ఉత్తమ జట్టులో (ఆ ఏటి ఐదుగురు ఉత్తమ ఆటగాళ్లలో) స్థానం. బర్డ్‌కు రెండు టైటిళ్లు. హావ్లిచెక్‌కు నాలుగు. పియర్స్‌కు ఒక్కటీ లేదు. ఈ గడిలో ఇంకో సంగతి మరవకూడదు: టేటమ్ 19 ఏళ్లకే లీగ్‌లోకి వచ్చాడు, హావ్లిచెక్, బర్డ్ ఇద్దరూ కాలేజీ ముగించి 22 దాటాక వచ్చారు. అందుకని 27 దగ్గర ఆపినప్పుడు సీజన్ల సంఖ్య కూడా పక్కన రాయాలి.

ఇవన్నీ పూర్తయ్యాక మాత్రమే వరుస రాయండి, పెన్సిలుతో, తేదీ వేసి, ఒక్కొక్క స్థానానికి ఒకటి రెండు వాక్యాల కారణంతో. కారణం రాయలేని స్థానాన్ని ఖాళీగా వదలండి. ‘ఉత్తమ కాలం’ అనే ప్రశ్నకు నా పుస్తకంలో బర్డ్ మొదట, హావ్లిచెక్ రెండు, పియర్స్ మూడు, టేటమ్ నాలుగు అని ఉంది. పియర్స్‌కూ టేటమ్‌కూ మధ్య దూరం చాలా తక్కువ. మా కోర్టుకు వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి మాత్రం హావ్లిచెక్‌ను మొదట పెట్టింది. రసెల్ పోయాక గెలిచిన రెండు టైటిళ్లనూ, ఎనిమిదిసార్లు ఉత్తమ రక్షణ జట్లలో చోటు సంపాదించడాన్నీ, 45.4 నిమిషాలనూ కారణాలుగా రాసింది. ఆ మూడూ నా గడుల్లో కూడా ఉన్నవే. ఆమె పేజీని నా పుస్తకంలో నా పేజీ పక్కనే అతికించుకున్నాను.